జీలుగు చెరిపించుకున్న గీతలు

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక ఎర్రమట్టి దిబ్బ. దిబ్బ కింద బొరియల్లో నలభై ముంగిసలు కాపురముండేవి.

ముంగిసలకు పాముతో పెద్ద చిక్కు. పాము వస్తే పారిపోవడానికి లేదు, బొరియల్లో పిల్లలుంటారు. ఎదురు నిలవాల్సిందే. అందుకని అవి చిన్నప్పటి నుంచే రోజూ సాయంత్రం తీగాట ఆడేవి. ఒక ముంగిస ఎండుతీగను నోట కరచుకుని పాములా విసురుతుంది. రెండోది దెబ్బ తగలకుండా తప్పుకుంటూ తీగ కొసను పళ్ళతో అందుకోవాలి. తర్వాత రెండోదాని వంతు. ఎవరు ముందుగా మూడుసార్లు కొస అందుకుంటే వాళ్ళు గెలిచినట్టు.

ఎవరితో ఎవరు ఆడాలో చెప్పేది అలుగవ్వ. అంటే ఒళ్ళంతా పొలుసులున్న ఒక ముసలి అలుగు. దానికి చీమలు దొరికితే చాలు. ముంగిసల్లో దానికి అయినవాళ్ళూ లేరు, కానివాళ్ళూ లేరు. అందుకే ఆ పని దానికి అప్పగించారు. దిబ్బ పక్కనున్న పాత చెదపుట్ట మీద ఒక్కొక్కరికీ ఒక వరస ఉండేది. గెలిస్తే ఆ వరసలో అలుగవ్వ గోటితో ఒక గీత గీస్తుంది. ఓడితే తడిమట్టి పూసి ఒక గీత చెరుపుతుంది. మూడు గీతలవాళ్ళకు మూడు గీతలవాళ్ళే జోడు. మహా అయితే రెండు గీతలు అటూ ఇటూ.

మీరు ఫోన్‌లో ఆడే ఆటలు కూడా ఇంతే. మీ గెలుపోటములు చూసి మీకు సరిజోడును వెతుకుతాయి. అక్కడ ఓడితే మళ్ళీ ఆడుకోవచ్చు. ఈ దిబ్బ మీద మాత్రం గీతలకు ఇంకో పని ఉంది.

ఐదు గీతల వరకు ఉన్నవాళ్ళు విషం లేని పాముల మీదికి మాత్రమే వెళ్ళాలి. ఆరో గీత పడితే నాగుపాము మీదికి వెళ్ళాలి. అందులోనూ ఆరో గీత కొత్తగా పడ్డవాళ్ళదే మొదటి వంతు. అది పెద్దలు పెట్టిన కట్టుబాటు.

ఆ దిబ్బ మీద జీలుగు అనే ముంగిస ఉండేవాడు. వాడికి తొమ్మిది గీతలు. అన్ని గీతలున్నది ఇంకొక్కరికే. అది సండ్ర. అందుకని రోజూ వాళ్ళిద్దరికే జోడు పడేది. ఒకనాడు వాడు గెలిస్తే మర్నాడు సండ్ర గెలిచేది. సండ్ర విసిరిందంటే తీగ కంటికి కనపడదు. ఆట అయ్యేసరికి ఇద్దరికీ పక్కటెముకలు నొప్పులు.

"ఏరా, ఇవాళ తీగ బరువా, నీ ఒళ్ళు బరువా?" అనేది సండ్ర.

జీలుగుకు విసుగు పుట్టింది. "అవ్వా, ఎప్పుడూ దానితోనేనా? ఒక్క ఆట గెలవాలంటే ప్రాణం పోతోంది," అన్నాడు.

"ప్రాణం పోకుండా ఉండడానికే ఆడుతున్నారు," అంది అలుగవ్వ.

అవతల మూడు నాలుగు గీతల పిల్లలు ఆడే చోట ఒకటే సందడి. అక్కడ ఎవరు గెలిచినా పదిమంది మూగుతారు. జీలుగు కాసేపు అటే చూశాడు. మర్నాడు కుంటుతూ వచ్చాడు.

"కాలు బెణికింది అవ్వా," అన్నాడు.

వాడి కాలు రాయిలా ఉంది. అయినా ఐదు రోజులు కుంటుతూనే ఆడాడు. ఐదు ఆటలు ఓడాడు. ఐదు గీతలు చెరిగి నాలుగే మిగిలాయి. ఆరో రోజు పిల్లల జోడులో పడ్డాడు.

ఇక వాడికి పండగే. పిల్లలు తీగ ఎత్తేలోపే కొస వాడి నోట్లో ఉండేది. "అబ్బ, ఎంత వేగమో," అని పిల్లలు నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. అయితే గెలిస్తే గీత పెరుగుతుంది. పెరిగితే మళ్ళీ సండ్ర దగ్గరికి పోవాలి. అందుకని రెండు ఆటలు గెలిచేవాడు, రెండు ఆటలు కావాలని ఓడేవాడు.

వాడి చేతిలో చితికిపోయిన పిల్లల్లో ముగ్గురు ఆటకు రావడం మానేశారు. ఎందుకని వాడు అడగలేదు.

ఒకరోజు సండ్ర వచ్చి నిలబడింది. "కాలు బాగుపడ్డట్టుందే. పైకి రావేం?"

"ఇక్కడ గాలి బాగుంది," అన్నాడు జీలుగు.

"గాలి కాదులే. పొగడ్తలు."

అలుగవ్వ కూడా అడిగింది. "ఈ పిల్లలు ఇవాళ నీ చేతిలో నలిగిపోతారు. రేపు వాళ్ళ చేతిలోనే నువ్వు ఓడతావు. నా లెక్కకు అందడం లేదు."

"అదృష్టం అవ్వా."

"పుట్ట మీద అదృష్టానికి వరస లేదు," అంది అలుగవ్వ. కానీ కళ్ళతో చూసిన ఓటమిని కాదనలేక గీతలు గీస్తూనే ఉంది.

అలా నలభై రోజులు గడిచాయి.

జీలుగుకు ఒక చెల్లెలు ఉంది. పేరు చిట్టీత. తర్వాతి కాన్పులో పుట్టింది. దానికి నాలుగు గీతలు. అవి నాలుగూ అది సొంతంగా తెచ్చుకున్నవి. ఆ వారం జీలుగుకు ఐదు గీతలయ్యాయి. రెండు తగ్గించుకోవాలి. జోడు చూస్తే చిట్టీతతో పడింది. 'ఎవరి దగ్గరో ఓడే బదులు నా చెల్లెలి దగ్గరే ఓడితే పోలా,' అనుకున్నాడు. సోమవారం ఓడాడు. మంగళవారం ఓడాడు.

చిట్టీత పుట్ట చుట్టూ గెంతింది. "అన్నా, చూశావా? నా ఈడువాళ్ళలో ఆరు గీతలు నాకొక్కదానికే."

"చూశాలే. ఎగిరింది చాలు, పద," అన్నాడు జీలుగు. వాడికి సంతోషంగానే ఉంది. ఆరో గీత అంటే ఏమిటో వాడికి ఆ క్షణాన గుర్తు రాలేదు.

బుధవారం పొద్దున్నే నాగుపాము వచ్చింది.

దిబ్బ వెనక రెండు బండల మధ్య ఇరుకు సందు ఉంది. సందుకు ఒక కొస బయటికి, రెండో కొస పిల్లల బొరియకు. నాగు ఆ సందులో దూరి పడగ ఎత్తింది. బొరియలో తొమ్మిది మంది కళ్ళు తెరవని పిల్లలు. అదృష్టవశాత్తూ సండ్ర అప్పుడు లోపలే ఉంది. అది బొరియ నోటికి అడ్డంగా నిలబడింది. అది కదిలితే పాము లోపలికే. కాబట్టి అది కదలడానికి లేదు. బయటి కొస నుంచి ఒకరు వెళ్ళి పామును తమ వైపు తిప్పుకోవాలి. సందులో ఒక్కరికే చోటు.

అందరూ చెదపుట్ట దగ్గర చేరారు. అలుగవ్వ గీతలు చదివింది.

"ఆరో గీత కొత్తగా పడింది చిట్టీతకు. మొదటి వంతు దానిది."

ఆ గీతలు అబద్ధం. ఆ సంగతి తెలిసింది వాడొక్కడికే. ఇప్పుడే చెప్పాలి. చెబితే నలభై రోజుల బండారం అందరి ముందూ బయటపడుతుంది. నోరు తెరిచాడు, మూశాడు.

చిట్టీత మట్టిలో పొర్లి ఒళ్ళు దులుపుకుంది. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అన్న దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "అన్నా, నిన్ను రెండుసార్లు గెలిచాను కదా. దీన్ని గెలవలేనా?"

ఇప్పుడైనా చెప్పాలి. జీలుగు నేల వైపు చూశాడు. "జాగ్రత్త," అన్నాడు. అంతే అన్నాడు.

చిట్టీత సందు దగ్గరికి నడిచింది. ఒక్కసారి వెనక్కి చూసింది. లోపలికి వెళ్ళింది.

బుస్సుమన్న చప్పుడు బయటికి వినిపించింది. మొదటి కాటును చిట్టీత తప్పించుకుంది. పాము పడగ బండకు తగిలిన చప్పుడైంది. రెండో కాటుకు చిట్టీత తోక వెంట్రుకలు రాలాయి. చిట్టీత ఇప్పటిదాకా ఆటలో ఎదుర్కొన్నది నాలుగు గీతల వేగాన్ని. పాము వేగం అది కాదు.

"ఆ గీతలు దానివి కావు," అని అరిచాడు జీలుగు. "నేను కావాలని ఓడాను. ఆరు కాదు, దానికి నాలుగే."

అందరూ వాడి వైపు తిరిగారు. కానీ చిట్టీత అప్పటికే లోపల ఉంది. తర్వాతి వంతువాళ్ళు తేరుకునే లోపే జీలుగు పరుగెత్తాడు.

సందులో చిట్టీత బండకు ఆనుకుని ఉంది. వెనక్కి జరగడానికి చోటు లేదు. పడగ దాని నెత్తి మీద ఊగుతోంది. జీలుగు దాన్ని మెడ పట్టి బయటికి లాగి, తాను ముందుకు వచ్చాడు. పాము వాడి వైపు తిరిగింది.

తొమ్మిది గీతల రోజుల్లో వాడు ఇలాంటి విసురులు ఎన్ని చూశాడో. ఏ వైపు దూకాలో వాడికి తెలుసు. కానీ వాడి ఒంటికి నలభై రోజులుగా చిన్నపిల్లల తీగ అలవాటైంది. ఒళ్ళు ఆ నిదానపు దెబ్బ కోసం చూసింది. వాడు దూకాడు, రెప్పపాటు ఆలస్యంగా.

కోర ఎడమ ముంగాలిలో దిగింది.

కాటు వేయడానికి ఎత్తిన పడగ కిందికి దిగగానే పాము మెడ సండ్రకు దొరికింది. సండ్ర ఒక్క గెంతు గెంతి మెడ కొరికింది. పాము బండల మధ్య కాసేపు కొట్టుకుని ఆగిపోయింది.

విషానికి ముంగిస ఒంట్లో కొంత ఓర్పు ఉంటుంది. అందుకే జీలుగు చావలేదు. తొమ్మిది రోజులు బొరియలో పడి ఉన్నాడు. లేచేసరికి ఎడమ ముంగాలు ఎండిన కొమ్మలా అయింది. మళ్ళీ నేల మీద ఆనలేదు.

చిట్టీత వాడికి నీళ్ళ చెమ్మ ఉన్న దుంపలు తెచ్చి పెట్టేది. పదో రోజున అడిగింది.

"అన్నా, రెండు ఆటలూ కావాలనే ఓడావా? ఒక్కటైనా నేను గెలవలేదా?"

"లేదు," అన్నాడు జీలుగు.

చిట్టీత లేచింది. చెదపుట్ట దగ్గరికి వెళ్ళింది. తడిమట్టి తీసుకుని తన వరసలో రెండు గీతలు తానే చెరిపేసింది. అలుగవ్వ పక్కనే చీమలు తింటోంది. అడ్డు చెప్పలేదు.

వానలు వచ్చేలోపు చిట్టీత ఆ రెండు గీతలూ మళ్ళీ తెచ్చుకుంది. ఈసారి ఐదో గీత సండ్ర మేనల్లుడి మీద, ఆరో గీత ఒక ఏడు గీతలవాడి మీద. అన్నతో మాట్లాడుతుంది. ఆటలో జోడు మాత్రం వద్దంది.

జీలుగు వరసలో మూడు గీతలు ఉన్నాయి. ఇప్పుడవి నిజమైనవి. మూడు కాళ్ళతో అంతకన్నా పైకి పోలేడు. ఒక సాయంత్రం, వాడి దెబ్బకు మానేసిన ముగ్గురు పిల్లల్లో ఒకడు మళ్ళీ ఆటకు వచ్చాడు. జోడు జీలుగుతో పడింది. జీలుగు ఒళ్ళంతా చెమర్చేలా ఆడాడు. పిల్లవాడు మూడోసారి కొస అందుకున్నాడు.

పిల్లవాడు సంతోషపడలేదు. అనుమానంగా చూశాడు. "కావాలని ఓడావా?"

"లేదురా. నువ్వే గెలిచావు."

పిల్లవాడు నమ్మలేదు. అలుగవ్వ వైపు తిరిగాడు. అలుగవ్వ జీలుగు కాలి వైపు చూసింది, రొప్పుతున్న వాడి డొక్కల వైపు చూసింది. అప్పుడు గోరు చాచి పిల్లవాడి వరసలో గీత గీసింది.

నీతి: కావాలని ఓడిపోయినవాడు తన బలాన్ని దాచుకోవడమే కాదు, ఎదుటివారికి లేని బలాన్ని అంటగడతాడు. ఆ అబద్ధాన్ని నమ్మి ప్రమాదం ముందు నిలబడేది వాళ్ళే.