గున్నమ్మ తవ్విన చెలమ

అనగనగా ఒక అడవిలో, ఏరు ఎండి ఇసుక కాళ్లు కాల్చేసే ఓ వేసవిలో, గున్నమ్మ అని ఒక ఏనుగు ఉండేది. మనసు వెన్నపూస. తొందర మాత్రం ఎక్కువ.

"నీళ్ల సంగతి నేను చూసుకుంటాగా, మీరెవరూ బెంగపడకండి!" అని ఏటి ఇసుకలో చెలమ తవ్వింది. ఎంత లోతనుకున్నారు? సరిగ్గా తన తొండమంత! అడుగున తేటగా నీళ్లు ఊరాయి.

"పెద్దా చిన్నా తేడా లేదు, అందరికీ ఇదే చెలమ. వచ్చి తాగండి!" అని చాటింది. ఎంత మురిసిపోయిందో!

మొదటి రోజు ముంగిస వచ్చి తొంగిచూసి వెళ్లిపోయింది. రెండో రోజు తాబేలూ అంతే. "ఇంత చేస్తే ఒక్క మంచి మాటైనా లేదు" అని గున్నమ్మ మూతి ముడుచుకుంది.

మూడో రోజు చెవులమ్మ అనే కుందేలు వచ్చింది. పాపం, బొరియలో దాని పిల్లలు రెండు రోజులుగా దాహంతో సొమ్మసిల్లి ఉన్నాయి. చెవులమ్మ వంగింది, ఇంకా వంగింది, దబ్బున లోపల పడింది! పైకి పాకబోతే ఇసుక జారి మీదే పడుతోంది.

గున్నమ్మ పరుగున వచ్చింది. గబుక్కున తొండం చాపి పైకి తీసింది.

"అయ్యో తల్లీ! అందకపోతే నన్నడగొచ్చుగా?" అంది.

చెవులమ్మ ఇసుక దులుపుకుంది. "తవ్వేముందు నువ్వు మమ్మల్ని అడగొచ్చుగా వదినా? చెలమ అందరిదీ అన్నావు. తొండం నీ ఒక్కదానికే ఉంది!"

గున్నమ్మకి సిగ్గేసింది. ముందు తొండంతో నీళ్లు పట్టి, చెవులమ్మ వెంట బొరియ దాకా వెళ్లి దాని పిల్లల నోళ్లు తడిపింది. తర్వాత ముంగిసనీ తాబేలునీ పిలిచి, "ఎలా తవ్వమంటారో మీరే చెప్పండి" అంది.

"ఒక పక్క వాలుగా తవ్వు" అంది చెవులమ్మ.

"మెట్లు మాత్రం వద్దమ్మా, నేను ఎక్కలేను" అంది తాబేలు.

"ఇసుక జారకుండా రాళ్లు పరిచెయ్" అంది ముంగిస.

గున్నమ్మ సాయంత్రం దాకా తవ్వింది. తేరుకున్న కుందేలు పిల్లలు గెంతుకుంటూ దిగి, వాటంతట అవే కడుపునిండా తాగాయి. చూస్తుంటే గున్నమ్మ కళ్లు చెమర్చాయి.

"నీ మేలు మర్చిపోను చెవులమ్మా. నువ్వు ఆ మాట అనకపోతే నాకు ఎప్పటికీ తెలిసేదే కాదు" అంది.

"నీళ్లు చూపించింది నువ్వేగా వదినా. మేమే నీకు రుణపడ్డాం" అంది చెవులమ్మ.

అప్పట్నుంచి గున్నమ్మ ఎక్కడ చెలమ తవ్వాలన్నా, ముందు మోకాళ్ల మీద కూర్చుని, తల నేలకి ఆనించి, కుందేలు ఎత్తులోంచి ఒకసారి చూసేది.

నీతి: ఎవరికి మేలు చేయాలనుకుంటామో ముందు వాళ్లనే అడగాలి. అందరికీ అందినప్పుడే అది న్యాయం.