మూడోరకం ఫోను

జనం వద్దని తిరిగిచ్చిన ఫోన్లన్నీ ఆ ఊరి గిడ్డంగికి చేరేవి. వాటిని రకాలుగా విడదీసి, దుకాణదారులకు టోకుగా అమ్మడం అక్కడి యజమాని వ్యాపారం. రకాలు కట్టేవాడు ఒక్కడే. వాడు అంటించిన చీటీయే వేదం. కొనేవాళ్ళెవరూ పెట్టె విప్పి చూసేవాళ్ళు కారు. చూస్తే వాడిని అవమానించినట్టే.

యజమాని ఈమధ్య కొత్త పద్ధతి పెట్టాడు. మాట మధ్యలో మూగబోయే ఫోన్లకు కొత్త అద్దాలు బిగించి మొదటిరకం అనమన్నాడు. గీతలు పడ్డవి ఎంత నిక్షేపంగా పలికినా మూడోరకమే. పైన పటారం, లోన లొటారం. రకాలు కట్టేవాడికి మనసొప్పలేదు. అయినా చీటీలు అంటించాడు. మనసొప్పని పనికి చేతులేం అడ్డం పడవు కదా!

ఒక ఉదయం కొండప్రాంతపు దుకాణదారు ఒకడు చెమటలు కక్కుతూ వచ్చాడు.

"నా భార్యకు నొప్పులొస్తున్నాయన్నా. నా ఫోను దారిలో చచ్చింది. ఒక్క ఫోనియ్యి, నా సిమ్ము వేసుకుంటా."

రకాలు కట్టేవాడి చెయ్యి మొదటిరకం దొంతరను దాటుకుని పోయి, మూడోరకం గుట్టలోంచి గీతల ఫోను ఒకటి తీసింది.

సిమ్ము వేశాడో లేదో, అది మోగింది. బిడ్డ అడ్డం తిరిగిందట, ఆపరేషన్‌కి ఒప్పుకుంటావా అని ఆసుపత్రివాళ్ళు. "చెయ్యండి" అని అరిచాడు. గంటకు మళ్ళీ మోగింది. మగపిల్లవాడు. తల్లీబిడ్డా క్షేమం.

దుకాణదారు ఫోన్ని కళ్ళకద్దుకున్నాడు. "మూడోరకమే ఇంత ఆదుకుంటే, ఇక మొదటిరకం సంగతి చెప్పాలా! ఆ పెట్టెలన్నీ బండికెక్కించండి. మా కొండల్లో కబురందక ఎందరు పోతున్నారో నాకు తెలుసు."

రకాలు కట్టేవాడు నోరు తెరిచాడు. పక్కనే ఉన్న యజమాని దగ్గాడు. తెరిచిన నోరు మూతపడింది. తను చేసిన ఒక్క మంచిపనీ తన అబద్ధానికే పూచీ పడింది.

బండి నిండాక దుకాణదారు వాడి చేతులు రెండూ పట్టుకున్నాడు. "నా కొడుక్కి నీ పేరే పెట్టుకుంటానన్నా. నీ పేరేంటి?"

తన పేరు చెప్పడానికి వాడికి నోరు రాలేదు. తలదించుకుని యజమాని పేరు చెప్పాడు.

యజమాని మురిసిపోయాడు. పురిటాలికని మొదటిరకంలోంచి ఒక ఫోను తీసి కానుకగా ఇచ్చాడు. దుకాణదారు సిమ్ము అందులోకి మార్చుకుని, గీతల ఫోన్ని రకాలు కట్టేవాడి చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.