తలుపు తీస్తే వేడి పోతుంది

పొగమెట్టలో తెలివి ఎవరింట్లో ఉందని ఎవరినడిగినా పైడయ్య ఇంటివైపు చెయ్యి చూపించి నవ్వుతారు. ఆ నవ్వు ఓర్వలేక నవ్వే నవ్వని పైడయ్య ఇంటివాళ్ళ గట్టి నమ్మకం.

ఇంటికి పెద్ద పైడయ్య. ఆయన భార్య నూకాలు. తమ్ముళ్ళిద్దరు, నడిపివాడు దేముడు, చిన్నవాడు సన్నిబాబు. రోజూ పొద్దుగూకే వేళకి నలుగురూ అరుగు మీద చేరి ఆ రోజు తాము చేసిన తెలివైన పనులు ఒకరికొకరు చెప్పుకుని మురిసిపోయేవారు.

"కిటికీ తలుపు ఊడిపోయింది కదా, దొంగలొస్తారని నేనేం చేశానో చూశారా?" అన్నాడు దేముడు ఒకనాడు. "కిటికీ మధ్యలో దారం కట్టి తాళంకప్ప వేలాడదీశాను."

"తాళంచెవో?" అన్నాడు పైడయ్య.

"దాన్ని నూతిలో పడేశాను. దొంగకి దొరికితే?"

"ఏం బుర్రరా నీది!" అంది నూకాలు, మరిది తలకి దిష్టి తీస్తూ.

అలాంటి ఇల్లు. పొగమెట్ట కొండ మీద ఊరు కాబట్టి మార్గశిరం వచ్చిందంటే మంచు ఇళ్ళలోకి నడిచొచ్చి కూర్చుంటుంది. పైడయ్య ఇల్లయితే మరీను. గోడలు పగిలాయి, కిటికీకి తలుపు లేదు, తాళం మాత్రమే ఉంది.

సన్నిబాబు పెళ్ళాం బంగారి పురిటికని కింద ఊళ్ళో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. ఆడపిల్ల పుట్టింది. సన్నిబాబు ఒక్కసారి వెళ్ళి చూసొచ్చాడు. ఆ పిల్ల అతని చూపుడువేలు గుప్పిట్లో పట్టుకుని ఎంతకీ వదల్లేదట. ఇంటికొచ్చాక ఆ వేలు తడవకుండా మిగతా నాలుగు వేళ్ళతోనే అన్నం తిన్నాడు చాలా రోజులు. పాప ఎప్పుడొస్తుందా అని ఒకటే ఎదురుచూపు.

పాప రాలేదు, పాప తాత వచ్చాడు. బంగారి తండ్రి గౌరినాయుడు. లోపలికొచ్చి కూర్చుని శాలువా తియ్యబోయినవాడు కాస్తా మళ్ళీ చెవుల దాకా కప్పుకున్నాడు.

"ఏటర్రా ఇది? బయటకన్నా లోపలే చలెక్కువుంది!"

"అవును మావయ్యా," అన్నాడు పైడయ్య గర్వంగా. "బయట చలి ఊరందరిదీ. ఇది మా సొంతం."

గౌరినాయుడు నుదురు రుద్దుకున్నాడు. "చూడండర్రా, ఇల్లంతా చలికి బిగుసుకుపోయి ఉంది. ఇందులోకి పసిపిల్లని పంపను. ఇల్లు వెచ్చబెట్టండి. సంత రోజున వచ్చి చూస్తాను. వెచ్చగా ఉందా, మర్నాడే తల్లినీ పిల్లనీ తెచ్చి దింపుతాను. లేదా, ఎండలు ముదిరేదాకా వాళ్ళు మా ఇంట్లోనే."

సన్నిబాబు మొహం వాడిపోయింది. "వెచ్చబెట్టడానికి మా దగ్గర డబ్బుల్లేవు కదా మావయ్యా. కట్టెలు కూడా పెరట్లో ఉన్నవే, చలికాలమంతా వాటితోనే లాగాలి."

"డబ్బెందుకు అల్లుడూ? చలి ఎటునుంచి వస్తోందో చూసి ఆ సందులు మూసెయ్యండి. గడ్డీ మట్టీ ఊరికే దొరుకుతాయి. చలేసినప్పుడు బొంతలు కప్పుకోవాలి. కట్టెలు దుబారా చెయ్యకుండా నిప్పుని బూడిదలో కప్పెట్టుకుంటే తెల్లారేదాకా ఉంటుంది. అంతే!"

అంతే అని ఆయన వెళ్ళిపోయాడు. పాపం, అంతే అనుకున్నాడు.

నలుగురూ వెంటనే పనిలోకి దిగారు. ముందు చలి ఎటునుంచి వస్తోందో చూడాలి. లోపల కూర్చుంటే వచ్చేది ఎలా కనపడుతుంది? అందుకని బయటికొచ్చి నిలబడ్డారు. చలి నాలుగువైపుల నుంచీ వస్తోంది. ఇంకేముంది, మట్టీ పేడా కలిపి తొక్కారు, గడ్డి కుక్కారు, పగుళ్ళన్నీ మెత్తారు. కిటికీ మూసేశారు, తాళంతో సహా. ఇంటిచుట్టూ తిరిగి వచ్చేసరికి అన్నిటికన్నా పెద్ద సందు ఒకటి మిగిలిపోయింది.

"ఇంత పెద్ద సందు ఇన్నాళ్ళూ ఎలా వదిలేశాం అన్నయ్యా!" అన్నాడు దేముడు.

అది వీధి తలుపు. దాన్ని కూడా బయటనుంచి గడప నుంచి పైదాకా మెత్తేశారు. చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నారు. పొద్దుగూకింది. పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలెట్టాయి.

"లోపల ఎంత వెచ్చగా ఉండి ఉంటుందో," అంది నూకాలు ముడుచుకుపోతూ.

"ఉండదు మరి? చలంతా మనతో పాటు బయటే ఉండిపోయింది," అన్నాడు పైడయ్య.

ఆ రాత్రంతా నలుగురూ అరుగు మీద వణుకుతూ, లోపలి వెచ్చదనాన్ని తలుచుకుని సంతోషపడుతూ గడిపారు. తెల్లారాక ఆకలేసి తలుపు మీది మట్టి గీకి లోపలికెళ్ళారు. లోపల చల్లగానే ఉంది.

"చూశారా, తీసేసరికి పోయింది!" అన్నాడు దేముడు. ఆ మాట పైడయ్య మనసులో మేకులా దిగిపోయింది. తలుపు తీస్తే వేడి పోతుంది.

రెండో పని బొంతలు. నూకాలు ఇంట్లో ఉన్న బొంతలన్నీ తెచ్చి కుప్పపోసింది. ఎవరికి ఏ బొంతా అని సన్నిబాబు పంచబోయాడు.

"ఆగరా," అన్నాడు పైడయ్య. "మావయ్య ఏమన్నాడు? ఇల్లు చలికి బిగుసుకుపోయిందన్నాడు. మనం బిగుసుకుపోయామన్నాడా?"

"అనలేదు."

"మరి బొంతలు ఎవరికి కప్పాలి?"

అందరూ ఇంటివైపు జాలిగా చూశారు. పాపం, ఇన్నేళ్ళుగా వానకీ చలికీ అలాగే నిలబడి ఉంది, ఒక్కరైనా కప్పింది లేదు. నూకాలుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నులకతాడుతో బొంతలన్నీ కలిపి కుట్టేసింది. అన్నదమ్ములు నిచ్చెనేసుకుని పెంకుల మీద పరిచారు, చూరు దాకా దోపారు. కట్టుకున్న బట్టలతో ఆ రాత్రి లోపల ముడుచుకుని పడుకున్నారు.

పొద్దున్న లేచి చూస్తే మంచుకి బొంతలు నానిపోయి గోడల వెంట నీళ్ళు ధారలుగా కారుతున్నాయి. సన్నిబాబు ఎగిరి గంతేశాడు.

"అన్నయ్యా! ఇంటికి చెమట్లు పడుతున్నాయి!"

"ఉక్కపోస్తోందేమోరా, ఒక బొంత తీద్దామా?" అంది నూకాలు.

"వద్దే, చెమట పట్టినప్పుడు గాలి తగిలితే పడిశం పడుతుంది," అన్నాడు పైడయ్య. అలాగే ఉంచేశారు.

ఇక మిగిలింది నిప్పు. రేపే సంత. నూకాలు పొయ్యిలోంచి ఒక నిప్పుకణిక పట్టకారుతో పట్టుకుని, "బూడిద తెండి, కప్పెడతాను," అంది.

బూడిద లేదు. ఉన్నదంతా పెట్టి ఆవిడే అంట్లు తోమేసింది.

"బూడిద లేకపోతే నిప్పు నిలవదు, నిప్పు నిలవకపోతే కట్టెలు దుబారా అవుతాయి, కట్టెలయిపోతే ఇల్లు చల్లబడుతుంది, పాప రాదు!" సన్నిబాబు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏడవకురా. బూడిద ఎలా వస్తుంది?" అన్నాడు పైడయ్య.

"కట్టెలు కాలిస్తే వస్తుంది," అన్నాడు దేముడు.

"మరింకేం!"

ఇంకేముంది, కట్టెలు ఆదా చెయ్యడానికి చలికాలం కట్టెలన్నీ పెరట్లో పేర్చి అంటించారు. మంట కొబ్బరిచెట్టంత లేచింది. ఊరంతా వచ్చి చుట్టూ చేరి హాయిగా చలి కాచుకుంది. పైడయ్య ఇంటివాళ్ళు మాత్రం కాచుకోలేదు. వాళ్ళకి తీరికెక్కడిది? మంట దగ్గరకి ఎవరైనా చేతులు చాపితే, "బూడిద పాడైపోతుంది, జరగండి!" అని కేకలేస్తూ కాపలా కాశారు. మంట ఆరాక ఆ నిప్పులూ బూడిదా తట్టలకెత్తి నట్టింట్లో గుట్టగా పోశారు. గుట్ట పైడయ్య నడుం దాకా వచ్చింది. దాని మధ్యలో నూకాలు తన ఒక్క నిప్పుకణికనీ పెట్టి, భద్రంగా కప్పి, దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు గౌరినాయుడు వచ్చాడు. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే ఆగిపోయాడు. గోడలకి ఒక్క పగులు లేదు. బూడిదగుట్టలో నిప్పులు ఇంకా కణకణలాడుతున్నాయి. ఇల్లు నిజంగానే కోడిపెట్ట కడుపు కిందలా వెచ్చగా ఉంది. ఆయన శాలువా తీసి భుజాన వేసుకున్నాడు.

"ఔరా! మీరేనా చేసింది?"

"మీరు చెప్పిందే చేశాం మావయ్యా. ఒక్క మాట జవదాటలేదు."

"మరి పైన ఆ బొంతలేంటి?"

"ఇంటికి చెమట పట్టింది," అంది నూకాలు.

ఆయనకి అర్థం కాలేదు. ఆరేసుకున్నారు కాబోలు అనుకున్నాడు. "సరే. రేపు పొద్దున్నే బంగారినీ పాపనీ తీసుకొస్తాను. అందాకా ఈ వేడి పోనివ్వకండి. తలుపు ఊరికే తీస్తూ కూర్చోకండి, తెలిసిందా?"

తెలిసింది. ఆయన ఇలా వీధిలోకి దిగాడో లేదో, అలా లోపల గడియ పడింది.

మర్నాడు పొద్దున తలుపు చప్పుడయింది.

"ఎవరది?" అన్నాడు పైడయ్య లోపల్నుంచి.

"నేను బావా, బంగారిని. పాపనెత్తుకొచ్చాను. నాన్న కూడా ఉన్నాడు."

సన్నిబాబు గడియ మీదకి ఉరికాడు. పైడయ్య వాడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు.

"తలుపు తీస్తే?"

"వేడి పోతుంది," అన్నాడు సన్నిబాబు నీరసంగా.

"వేడి పోతే?"

"పాపని పంపరు."

"పంపడమేంట్రా, తెచ్చేశాను!" గౌరినాయుడు బయటనుంచి అరిచాడు. "చంకలోనే ఉంది! తియ్యండి తలుపు!"

"తీస్తాం మావయ్యా, మీరు లోపలికొస్తారు. అప్పటికి వేడి పోయి ఉంటుంది. ఇల్లు చల్లగా ఉందని పాపని మళ్ళీ తీసుకుపోతారు. అంతకన్నా తియ్యకుండా ఉండటమే మేలు కదా? వేడి ఇక్కడే ఉంటుంది, పాప కూడా ఇక్కడిదాకా వచ్చినట్టవుతుంది."

"బావా, పాపకి చలేస్తోంది!" అంది బంగారి.

"అందుకేనమ్మా తియ్యనిది! దాని కోసం దాచిందే ఇదంతా!"

బయట పాప ఏడుపందుకుంది. లోపల సన్నిబాబు కూడా అందుకున్నాడు. తలుపు పక్కన గోడ పగులుకి మెత్తిన మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. ఎవరూ చూడకుండా చూపుడువేలితో పొడిచాడు. వేలు అవతలికి తేలింది. బంగారి ఆ వేలు చూసింది, గుర్తుపట్టింది. పాపని గోడ దగ్గరకి తీసుకెళ్ళింది. అంతే, పాప గుప్పిట్లో వేలు బిగుసుకుంది. ఏడుపు ఆగిపోయింది.

"వదినా," అన్నాడు సన్నిబాబు గోడకి బుగ్గ ఆనించి, "నన్ను పట్టుకుంది."

దేముడు చూశాడు. "అయ్యో, గోడకి చిల్లు పెట్టేశావా! వేలు తియ్యకు! తీస్తే వేడంతా దాంట్లోంచి పోతుంది!"

"తియ్యను," అన్నాడు సన్నిబాబు. జన్మలో అంత సంతోషంగా ఏ మాటా ఒప్పుకుని ఉండడు.

కానీ పాపని లోపలికి తేవాలి కదా. దేముడు బుర్ర గోక్కున్నాడు. "అన్నయ్యా, మావయ్య తలుపు తియ్యొద్దన్నాడు. పైకప్పు తియ్యొద్దన్నాడా?"

"అనలేదురా!"

ఇంకేముంది, లోపలే నిచ్చెనేసుకుని పైకెక్కి టపటపా పెంకులు ఊడదియ్యడం మొదలెట్టారు. పైనున్న తడి బొంతలన్నీ ఒక్క మూటగా జారి వాకిట్లో గౌరినాయుడి నెత్తిన పడ్డాయి. ఆయన వాటి కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చేసరికి ఇంటి కప్పు సగానికి సగం లేదు. ఆ కన్నంలోంచి పైడయ్య తల బయటపెట్టి, రెండు చేతులూ చాపి, "అందించండి మావయ్యా, పాపని పైకి విసరండి, పట్టుకుంటాను!" అన్నాడు.

"విసిరితే నిన్ను విసురుతాను!" అన్నాడు గౌరినాయుడు.

అప్పుడే కొండ మీది మంచు విడిపోయింది. ఎండ కాసింది. కప్పు కన్నంలోంచి తిన్నగా నట్టింట్లో పడింది.

"అమ్మో, ఎండ!" అని అరిచింది నూకాలు. "ఇంట్లోకి ఎండొచ్చింది! ఎంత వెచ్చగా ఉందో!"

పైడయ్య కిందకి చూశాడు. నిజమే, బంగారు రంగు ఎండ, నేల మీద చాపంత. డబ్బు పెట్టక్కర్లేదు, కట్టెలక్కర్లేదు. తనంతట తాను వచ్చి పడింది.

"పారిపోకుండా మూసెయ్యండి!" అని కేక పెట్టాడు. "పెంకులు! పెంకులు!"

అంతే, తీసిన పెంకులన్నీ చకచకా మళ్ళీ పేర్చేశారు. ఇంటినిండా చీకటి కమ్ముకుంది. నలుగురూ గుట్టుగా నవ్వుకున్నారు. ఎండ లోపల పడిపోయింది, తలుపు వేసి ఉంది, గోడ చిల్లులో వేలుంది. ఇక ఎక్కడికి పోతుంది?

వాకిట్లో బంగారి అరుగు మీద గోడకి ఆనుకుని ఎండలో కూర్చుంది. ఒళ్ళో పాప, పాప గుప్పిట్లో గోడలోంచి వచ్చిన వేలు. గౌరినాయుడు పక్కన చతికిలబడి, "లే అమ్మా, మనూరు పోదాం," అన్నాడు.

"ఎలా నాన్నా? ఇది వాళ్ళ నాన్నని వదలడం లేదు."

ఆయన లాగి చూశాడు. పాప వదల్లేదు, పైగా నవ్వింది. ఇంకేం చేస్తాడు? కట్టెలైనా పంపిద్దామనుకున్నాడు. వాటిని ఎలా వాడాలో చెబుదామని నోరు తెరిచాడు. ఏదో గుర్తొచ్చి గబుక్కున మూసేసుకున్నాడు.

లోపల బూడిదగుట్ట చల్లారిపోతోంది. చీకట్లో పళ్ళు టకటకలాడుతున్నాయి.

"ఏవండీ, చలేస్తోంది. మనం పట్టిన ఎండలోంచి కాస్త వాడుకుందామా?" అంది నూకాలు.

"ఛ, ముట్టుకోకు! అది పాపది." పైడయ్య గోడ దగ్గరకి జరిగి గట్టిగా అడిగాడు. "అమ్మా బంగారీ! పాపకి వెచ్చగా ఉందా?"

"వెచ్చగా ఉంది బావా, హాయిగా నిద్రపోతోంది," అంది బంగారి ఎండలోంచి.

పైడయ్య చీకట్లో తమ్ముడి వీపు మీద చరిచాడు.

"చూశావట్రా! వేలి సందులోంచి ఆ కాస్త పోతేనే అంత వెచ్చగా ఉందట. ఇక లోపలున్నది ఎంతుండాలి! దేముడూ, ఆ గడియకి అడ్డంగా రోలు కూడా పెట్టు."