రేటు లేని సరుకు

హుసేన్‌పీరా ఆటో అమ్మేశాడు. పాత సామాన్ల కొట్టు పెడతానని ఊరంతా చాటి, రోడ్డు పక్కన షెడ్డు కూడా మాట్లాడుకున్నాడు. ఏ సామాను కొనాలన్నది మాత్రం తేలలేదు. ఇనుమైతే ఢోకా లేదన్నాడు బామ్మర్ది. రాగి తీగ అన్నాడు పక్కింటాయన. అట్టపెట్టెలన్నాడు ఇంకొకడు. ఎవరు చెప్పింది వాళ్ళ ఎదురుగా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. ఇంటికొచ్చేసరికి మళ్ళీ మొదటికొచ్చేది. ఆటో పాయె, కొట్టు రాకపాయె అని భార్య బీబీజాన్ ముక్తసరిగా మాట్లాడుతోంది. ఇదీ దెబ్బతింటే అమ్ముకోవడానికి ఇంట్లో ఇంకేమీ లేదు. అతనికి భయంగా ఉంది.

ఉరుసు ముగిసిన మర్నాడు దర్గాకు పోయి, తన గురువు అమీన్‌షా హజ్రత్ ముందు కూలబడ్డాడు.

"హజ్రత్, మీరే ఏదో ఒకటి చెప్పండి. ఇంక మారుమాట్లాడను."

"చెబుతాలే. ముందు ఈ ఆవరణ ఊడ్చు. పనికొచ్చేదంతా నువ్వే తీసుకుపో."

జనం వదిలిపోయిన చెత్త చూసేసరికి హుసేన్‌పీరాకు ప్రాణం లేచొచ్చింది. రేకు డబ్బాలు ఒక గోతంలో, ప్లాస్టిక్ సీసాలు ఇంకో గోతంలో నింపాడు. అట్టలు కట్ట కట్టాడు. దీపాలకు వేలాడదీసిన తీగ ముక్కల్ని కూడా వదల్లేదు. పగిలిన సోడా సీసాల్నీ, పన్నీరు సీసాల్నీ మాత్రం చీపురుతో గోడవారకు నెట్టేశాడు.

"అవెందుకు వదిలేసినావు?" అన్నాడు హజ్రత్.

"గాజు హజ్రత్. దానికి రేటు లేదు. అమ్మితే లారీ బాడుగ కూడా రాదు. ఊళ్ళో ఏ కొట్టువాడూ ముట్టడు."

హజ్రత్ సరేనన్నట్టు తలూపి లేచాడు. ఆ ఆవరణలో ఎవరైనా ఉత్తకాళ్ళతోనే తిరగాలి, ఆయనైనా అంతే. తిన్నగా గోడవైపు నడిచాడు.

"అటు పోకండి హజ్రత్, పెంకులున్నాయి."

"నీకు తెలుసు. రేపు వచ్చేవాళ్ళకు ఎవరు చెప్తారు?"

ఆయన ఆగలేదు. హుసేన్‌పీరా పరుగున పోయి, ఆయన పాదాల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా పెంకులు ఏరడం మొదలుపెట్టాడు. అతను ఏరినంత మేరా ఆయన అడుగు వేశాడు. వేలు తెగింది. ఆ నొప్పికంటే, వాటిని తన చేతులతోనే ఇక్కడికి నెట్టానన్న సిగ్గు ఎక్కువగా బాధించింది.

పెంకులతో ఇంకో గోతం నిండింది. మూతి బిగించి కట్టాక, ఎవడూ ముట్టని ఈ సరుకుతోనే కొట్టు మొదలుపెడదామనుకున్నాడు.

"పోయినేటి ఉరుసు సీసాలు ఎక్కడ పడేసినారు హజ్రత్?"

"గోరీల వెనక. ఊళ్ళోవాళ్ళు పడేసేదీ అక్కడే."

హుసేన్‌పీరా ఇంకో ఖాళీ గోతం భుజాన వేసుకుని లేచాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి హజ్రత్ తన దళసరి తోలుచెప్పులు తెచ్చి అతని ముందు పెట్టాడు. హుసేన్‌పీరా వాటిని రెండు చేతులా ఎత్తి కళ్ళకద్దుకున్నాడు.

"అందుకు కాదు ఇచ్చింది," అన్నాడు హజ్రత్. "వేసుకుని పో."