పాడకుండా దాచిన చరణం

ఎలిసెయో పాట విని రెఫూహియో రైలు దిగి వచ్చిందనీ, వారిద్దరికీ పెళ్ళయిందనీ సాంతా ఓలాయా ఊళ్ళో నేటికీ చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ ఉదయం స్టేషనులో వయొలిన్ వాయించిన గొన్సాలో చెప్పిన వృత్తాంతంలో రైలు దిగిన మాటే లేదు.

ఎలిసెయో ఆరేళ్ళుగా దోన్ హసింతో అనే వృద్ధ గాయకుని శిష్యుడు. మెక్సికోలోని ఆ ప్రాంతపు విరహగీతాలకు ఒక మర్యాద ఉంది. చివరి చరణంలో గాయకుడు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి సెలవు పుచ్చుకోవాలి. అంతవరకు శ్రోతలెవరూ కదలకూడదు. తాను ప్రేమించిన రెఫూహియోకు పొరుగూరి టెలిగ్రాఫు గుమాస్తాతో పెళ్ళి కుదిరిన నాటి నుంచి ఎలిసెయో ఆ చరణం పాడడం మానేశాడు.

"సెలవు చెప్పనిదే నిజమైన ప్రేమపాట, గురువుగారూ. మరిచిపోగలిగినవాళ్ళే వీడ్కోలు చెబుతారు" అన్నాడొకనాడు.

హసింతో గిటారు తీగ బిగించుకున్నాడు.

పెళ్ళికి రైలెక్కే కూతురిని పాటతో సాగనంపాలని రెఫూహియో తండ్రి వీరి బృందాన్నే స్టేషనుకు పిలిచాడు. ఎలిసెయో అద్భుతంగా పాడాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చివరి చరణం ముందు అతడు నోరు మూసుకుని, టోపీ తీసి నిలబడ్డాడు.

హసింతో మాత్రం ఆపలేదు. ఆ చరణానికి ముందు వచ్చే వరుసనే మళ్ళీ మళ్ళీ వాయించసాగాడు. రైలు మెట్టుపై ఒక పాదం మోపిన రెఫూహియో, చేతిలో పెట్టెతో అలాగే నిలిచిపోయింది.

"బండికి వేళయింది, దోన్ హసింతో!" అన్నాడు స్టేషను మాస్టరు.

"నన్నడుగుతారేమండీ? పాట వాడిది."

"ప్రేమించింది వాడు, వేళ్ళరిగేది మనవి" అని గొణిగాడు గొన్సాలో. జనం నవ్వారు.

రెఫూహియో నవ్వలేదు. "ఎలిసెయో, నా కాలు తిమ్మిరెక్కుతోంది" అంది మెల్లగా.

అతడు తలెత్తి చూశాడు. పెట్టె బరువుకు ఆమె భుజం ఒకవైపు వంగిపోయింది. పక్కనే గురువు వేలికొన చిట్లి, తీగ మీద ఎర్రగా తడి కనిపించింది.

ఎలిసెయో చివరి చరణం అందుకున్నాడు. ఆమె తల్లికి, తమ్ముళ్ళకు, స్టేషను మాస్టరుకు సెలవు చెప్పాడు. అందరికన్నా చివర ఆమె పేరు పలికాడు. ఆమె రెండో పాదం మెట్టెక్కింది.

తిరుగుదారిలో శిష్యుడు అడిగాడు: "నేను పాడకపోయి ఉంటే?"

"సాయంత్రం దాకా వాయించేవాణ్ణి. ఆ పిల్ల సాయంత్రం దాకా నిలబడేది. నువ్వు దాన్ని ప్రేమపాట అనేవాడివి."

పొరుగూరి వివాహాల రిజిస్టరులో ఆమె పెళ్ళి నమోదై ఉంది: 1927 మే 8, వరుడు టెలిగ్రాఫు గుమాస్తా. వధువు తరఫు సాక్షి సంతకం: ఎలిసెయో బర్రాగాన్, గాయకుడు.