చెన్నక్క లోపల ఏం చూసింది

కళ్ళు మూసుకుంటే లోపల ఏం కనబడింది? నసగకండి, చెప్పండి! కుమ్మరి చెన్నక్కను రాజగురువు కూడా నిండుసభలో ఇలాగే నిలదీశాడు.

రహస్య సాధన నేర్పుతానని ఆయన మంత్రులనూ ఊరివాళ్ళనూ నలభై రోజులు కూర్చోబెట్టాడు. లోపల చూసింది పైకి చెప్పబోమని మొదటిరోజే అందరిచేతా ఒట్టు వేయించాడు. సాధనలో గానీ ఒట్టులో గానీ తప్పినవాళ్ళ భూమి గురువు మఠానికి పోతుందని రాజు చాటింపు కూడా వేయించాడు. చెన్నక్కకు ఉన్నది కుండలకు మన్ను తవ్వుకునే కాస్త నేల. దానిమీదే గురువు కన్ను.

"నాకు బంగారు వెలుగు కనబడింది," అన్నాడు గురువు.

"మాకూ అదే స్వామీ!" అన్నారు మంత్రులు. చెన్నక్క మాత్రం నోరు విప్పలేదు.

"ఏమే, నీకు చీకటేనా?" అని గురువు వెక్కిరించాడు.

"ఒట్టు వేయించింది తమరే కదయ్యా! కుండలు కాల్చే ఆవాన్ని కాలుతుండగా మధ్యలో తెరిస్తే అన్నీ పగులుతాయి. నా ఆవం నేను తెరవను. తెరిచినవాళ్ళ భూములు రాయించుకోండి. అందరికన్నా ముందు తెరిచింది తమరు. మరి మఠం భూమి ఎవరికి పోవాలి?"

మంత్రులు గురువుకేసి గుర్రుగా చూశారు. రాజు పకపకా నవ్వి, అక్కడికక్కడే చాటింపు రద్దు చేశాడు.

నిజంగా వెలుగు చూసినవాడికి దండోరా ఎందుకయ్యా! సరే, మీరైతే చూసింది చెప్పకుండా ఎన్నాళ్ళు ఉండగలరు?