ఐదు గాట్ల ఇరుసు

కొండల నడుమ ఒకానొక రాజ్యాన్ని ఏలే ప్రచండవర్మకు తన రూపమంటే తగని మురిపెం. నిలువెత్తు కంచు విగ్రహం పోయించుకుని, కనుమ అవతలి వియ్యంకుడికి కానుకగా పంపబోయాడు. ముహూర్తం దాటిపోతుందని ఒకటే తొందర.

బండి తోలే ఎల్లమందకు మాత్రం కాలు నిలవడం లేదు. ఎడ్ల మెడలు నిమిరాడు. చక్రాల చుట్టూ తిరిగాడు. వంగి ఇరుసు చూశాడు, మళ్ళీ చూశాడు. బండి ఎంత మోయగలదో ఆ సీమ వడ్రంగులు ఇరుసు మీద గాట్లు పెట్టి చెబుతారు. గాటుకొక పుట్టి బరువు. ఈ ఇరుసుకు మూడే గాట్లు.

"మారాజా, విగ్రహమే మూడు పుట్లు. ఆపైన రాతి పీఠం, ఎనిమిది మంది మేళగాళ్ళు! దిగుడులో ఇరుసు విరిగితే ఎడ్లూ నేనూ లోయలోనే."

"మేళగాళ్ళు సరుకెలా అవుతార్రా? మనుషులు!" రాజు గదమాయించాడు. "గాట్లు చాలవనేగా నీ ఏడుపు? ఎవరక్కడ? ఇంకో రెండు కొట్టండి. ఐదు పుట్లు మోస్తుంది!"

ఉలి పడింది. ఇరుసు కిర్రుమంది. ఎల్లమంద బిక్కచచ్చి, ఆస్థాన చమత్కారి తిప్పన వంక చూశాడు.

"ఎంత సుళువు ఉపాయం ప్రభూ!" అన్నాడు తిప్పన. "అరిచి అలసిపోయారు, మజ్జిగ పుచ్చుకోండి."

రాజుగారి వెండి సోల అందుకుని, వడ్రంగి ఉలితో దాని మీద ఏదో గీకి, రాజు చేతికిచ్చాడు. ఆపైన సోలకు ఎన్నో రెట్లుండే కుంచెడు మజ్జిగ అందులో వంచసాగాడు. సోల పొర్లింది. మజ్జిగ రాజు మీసాలకు చింది, పట్టు కండువా తడిసింది.

"ఆపరా! ఇది సోలరా!"

"ఇందాకటిదాకా సోల ప్రభూ. ఇప్పుడే కుంచమని గీశాను."

"గీస్తే పట్టేస్తుందా, మూర్ఖుడా?"

అనేశాక రాజు చూపు ఇరుసు మీద పడింది. ఇక ఇద్దరి తలలూ ఎగిరినట్టేననుకున్నాడు ఎల్లమంద.

"మనుషులకు బరువుండదనుకుంటే" తిప్పన మెల్లగా అన్నాడు, "డోలు వీరేశాన్ని ఓసారి మీ పాదం మీద నిలబడమంటాను."

ప్రచండవర్మ మీసాల మజ్జిగ తుడుచుకుని పకపకా నవ్వాడు. "మేళమంతా దిగండి! పీఠానికి వేరే బండి కట్టండి! కోసిన ఇరుసు తీసేసి కొత్తది వెయ్యండి! ముహూర్తానికేం, ఇంకోటి దొరుకుతుంది."

"నేనూ ఎడ్ల పక్కనే నడుస్తా మారాజా" అన్నాడు ఎల్లమంద. పొద్దున్నుంచీ అప్పుడే ఊపిరి తీసుకున్నాడు.

రాజు అదే సోల నిండా ముత్యాలు పోయించి తిప్పనకిచ్చాడు.

తిప్పన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ప్రభూ, దీని మీద కుంచమని ఉందే!"

ఆ రోజు రాజుగారు కుంచెడూ కొలిపించక తప్పలేదు.